ఇద్దరికీ ఒకే చెయ్యి

"నమస్కారం, జలజగారూ. మీ పేరు ఇదివరకే నమోదైంది" అంది మిషను, ఎంతో ఆప్యాయంగా.

హిమబిందు చేతిలో పుల్ల చేతిలోనే ఉంచుకుని మిషను వంక చూసింది. తర్వాత కూతురి వంక చూసింది.

"నేను జలజని కాను తల్లీ. ఆవిడ బయట బల్ల మీద కూచుని మీ అటెండరు చేత రెండో కాఫీ తెప్పించుకుంటోంది."

"తెలుసమ్మా. ఇంకోసారి తిప్పు" అంది తన్మయి, తెర మీంచి తలెత్తకుండా.

ఇంకోసారి తిప్పింది. ఆ పరికరం చూడ్డానికి మూకుడంత గిన్నె, దాని మధ్యలో ఒక నున్నటి పుల్ల. లోపల నీళ్లూ లేవు, మజ్జిగా లేదు. ఉత్తినే చారు కలిపినట్టు కాసేపు తిప్పాలి, అంతే. ఇంత చదువు చదివి, ఇంతమంది కలిసి, చివరికి వీళ్లు కనిపెట్టింది గరిటెనా అని మొదటిసారి చూసినప్పుడే బిందుకి నవ్వొచ్చింది గానీ, కన్నకూతురు చిన్నబుచ్చుకుంటుందని మింగేసింది.

"నమస్కారం, జలజగారూ."

"మళ్లీ అదే పాట!"

ముఖాలనీ గొంతులనీ నమ్మే రోజులు వెళ్లిపోయి చాలాకాలమైంది. ఎవరి ముఖాన్నయినా తొడుక్కుని ఫోన్లో ప్రత్యక్షమవడం బడిపిల్లలకి కూడా వచ్చేసింది. నిరుడు జలజ మొగుడు వేణుగోపాల్ ముఖంతో, వేణుగోపాల్ గొంతుతో, ఆయన దగ్గుతో సహా ఎవడో వీడియో కాల్ చేసి, "జలజా, ఏమీ అనుకోకుండా ఆ లాకరు నంబరు కాస్త చెబుతావా?" అని అడిగాడు. 'ఏమీ అనుకోకుండా' అనే మాట ఇన్నేళ్ల కాపురంలో ఆయన నోట ఎన్నడూ వినలేదు కాబట్టి జలజ ఠక్కున ఫోన్ పెట్టేసింది. అందరు మొగుళ్లూ అంత నికరంగా ఉండరు కదా. అందుకని మనిషిని మనిషిగా గుర్తుపట్టడానికి ఇంకేదైనా దారి వెతకమని ప్రభుత్వం నాలుగైదు పరిశోధనశాలలకి పురమాయించింది. వాటిలో ఒకటి కాకినాడలో, సామర్లకోట రోడ్డు మీద ఉంది. తన్మయి అందులో మూడేళ్లుగా పనిచేస్తోంది.

వాళ్లు కనిపెట్టినదాని పేరు కరలయ. ప్రతి మనిషి చేతికీ, పాటకున్నట్టే, ఒక తాళం ఉంటుందట. కండరాలు ఎంత వేగంగా బిగుస్తాయి, ఎక్కడ తగ్గుతాయి, తిరుగుడుకీ తిరుగుడుకీ మధ్య ఎంత ఊపిరి తీసుకుంటాయి, ఇవన్నీ కలిపితే లోకంలో ఏ ఇద్దరికీ ఒకటిగా ఉండదట. దాన్ని దొంగిలించడానికి వీల్లేదు, అతికించుకోవడానికి వీల్లేదు, అనుకరించడానికి అసలే వీల్లేదు. "మీ చెయ్యి మీదే" అని గోడ మీద నిలువెత్తు అక్షరాలతో రాసుకున్నారు కూడా. పైనుంచి బోర్డువాళ్లు వచ్చి చూసి సరేనంటే, ఇక కార్డులూ సంతకాలూ వేలిముద్రలూ అన్నీ తీసేసి ఈ ఒక్క గుర్తే మిగులుస్తారు.

ఆ గోడ కిందే నిలబడి మిషను హిమబిందుని మూడోసారి జలజగారూ అంది.

డైరెక్టరు చయనులుగారు పరుగులాంటి నడకతో వచ్చాడు. "ఇద్దరూ అక్కచెల్లెళ్లా?"

"కాదండీ, తోడికోడళ్లు. అమ్మది తుని, పెద్దమ్మది అమలాపురం" అంది తన్మయి.

"మేనరికాలూ అవీ..."

"ఏమీ లేవండీ. పెళ్లికి ముందు ఒకళ్ల ముఖం ఒకళ్లు చూసుకోలేదు."

చయనులుగారు తానే పుల్ల తిప్పి చూశాడు. మిషను ఆయన్ని చయనులుగారూ అంది. అటెండర్ని తిప్పమన్నాడు. అటెండర్ని అటెండర్లాగే పలకరించింది. జబ్బు మిషనుది కాదు, ఈ ఇద్దరు ఆడవాళ్లదే అని తేలాక ఆయన ముఖం ముడుచుకుపోయింది.

"వీళ్లిద్దర్నీ జాబితాలోంచి తీసేస్తే?"

"పేర్లు బోర్డుకి వెళ్లిపోయాయి సార్. తీసేస్తే ఎందుకు తీశారని అడుగుతారు."

"అయితే వచ్చే నెల బోర్డు వచ్చేలోగా వీళ్లని విడదీసి చూపించు తన్మయీ. లేదా ఈ మూడేళ్ల పనీ అటకెక్కించేద్దాం."

తిరుగు ప్రయాణంలో ఆటోలో జలజ సంబరం అంతా ఇంతా కాదు. "ఇంకేవిటే! రేపు నాకు బద్ధకంగా ఉంటే నువ్వెళ్లి నా పనులన్నీ చక్కబెట్టుకు రావచ్చు. మిషనే ఒప్పుకుంటోంది."

"నీకు సరదాగానే ఉంటుందక్కా. నీ పేరు పలికింది కదా."

జలజ చప్పున తలతిప్పి చూసింది గానీ, అప్పుడే పెద్ద లారీ ఒకటి పక్కనించి వెళ్లింది. ఆ మాట ఆ దుమ్ములో కలిసిపోయింది.

బిందుకి మాత్రం కలవలేదు. తుని నుంచి ఈ ఇంటికి వచ్చేనాటికి ఆమె వృక్షశాస్త్రంలో డిగ్రీ పుచ్చుకున్న మనిషి. ఆకుల అడ్డుకోతల బొమ్మలు గీయడంలో కాలేజీలో ఆమెకి సాటి లేరు. ఇక్కడికొచ్చాక జలజ పక్కన నిలబడి వంటిల్లు నేర్చుకుంది. జలజ బెండకాయ తరిగితే తనూ తరిగింది. జలజ చెయ్యి ఆగితే తనదీ ఆగింది. ఇద్దరూ కలిసి పప్పు రుబ్బితే ఒక్కళ్లే రుబ్బుతున్నట్టు ఉంటుందని వచ్చినవాళ్లంతా మెచ్చుకునేవారు. మెచ్చుకున్నప్పుడల్లా బిందు నవ్వేది, ఆ నవ్వు వెనకాల చిన్న ముల్లు. నేను ఈవిడ నకలునైపోయాను అని. ఆ ముల్లు సంగతి ఇన్నేళ్లూ ఎవరికీ తెలియదు. ఇప్పుడు ప్రభుత్వం సొమ్ముతో మిషను పెట్టి మరీ కనిపెట్టారు.

రాత్రి భోజనాల దగ్గర సంగతి విని బిందు భర్త ఫణి పకపకా నవ్వాడు. "దీనికి మిషనెందుకే తన్మయీ? పచ్చడి ఎవరు నూరారో నేనూ పోల్చుకోలేకపోతున్నాను ఇన్నేళ్లుగా."

"మీరు పచ్చడో కూరో కూడా పోల్చుకోలేరు లెండి" అంది బిందు.

"మరిదిగారు పోల్చుకున్నా పైకి అనరు. అన్నం తినాలి కదా ఇంట్లో" అంది జలజ.

తన్మయి మాత్రం నవ్వలేదు. మజ్జిగన్నంలో వేళ్లు పెట్టుకుని ఆలోచిస్తూ కూచుంది.

వారం తిరక్కుండా రెండు మెత్తటి పట్టీలు తెచ్చింది. చేతిగడియారాల్లా ఉన్నాయి, ముళ్లు లేవు. "ఇవి పెట్టుకోండి. చిన్నప్పటినుంచీ ఎవరి చేతికి వాళ్ల తాళం ఉంటుంది కదా, అది ఎక్కడికీ పోదు. అడుగున ఉంటుంది. మీ చెయ్యి తన సొంత తాళం తప్పి ఇంకోలా కదిలినప్పుడల్లా ఈ పట్టీ మణికట్టు దగ్గర చిన్నగా నొక్కుతుంది. నొప్పుండదు. కొన్నాళ్లకి చెయ్యి తన దారిన తను వెళ్తుంది."

"చిక్కు తియ్యడం అన్నమాట. అయితే ఇది దువ్వెనే" అంది జలజ. ఆ రోజునుంచీ ఆ ఇంట్లో దానికి దువ్వెన అనే పేరు స్థిరపడిపోయింది. పరిశోధనశాలలో దానికో పొడుగాటి పేరుండేది, అది కూడా పోయి చయనులుగారు సైతం "దువ్వెన పనిచేస్తోందా?" అని అడగడం మొదలెట్టాడు.

పనిచేసింది. మొదటి రెండు మూడు రోజులూ ఏమీ తెలియలేదు. ఆ తర్వాత ఓ ఉదయం జలజ చెయ్యి లేచింది.

బిందు పెసరట్టు పెనం మీద పిండి పరుస్తోంది. పక్కన జలజ అల్లం, మిర్చి తరుగుతోంది. ఎప్పుడూ ఇద్దరి పనీ ఒకేసారి ముగిసేది. అట్టు మీద పిండి సర్దుకునేసరికి అల్లం ముక్కలు వచ్చి పడాలి. ఆ రోజు బిందు గరిటె ఇంకా పెనం మీద తిరుగుతూండగానే ముక్కలు వచ్చి పడ్డాయి, సగం పిండి మీదా సగం పొయ్యి మీదా.

"అదేవిటక్కా, అప్పుడేనా!"

"ఏవోనే, అయిపోయింది." జలజ తన చేతిని తానే వింతగా చూసుకుంది.

ఇక అక్కణ్ణించి వంటిల్లు సంతలా తయారైంది. వాళ్లిద్దరూ ఆ ఇరుకు వంటింట్లో ఏళ్ల తరబడి మసలుతున్నా మోచెయ్యి మోచెయ్యి తగిలి ఎరగరు. ఇప్పుడు రోజుకి పదిసార్లు ఢీకొంటున్నారు. బిందు తాలింపు గరిటె అందుకోబోతే అది అప్పటికే కడిగి బోర్లించి ఉంటోంది. బిందు ఉప్పు వేద్దామనుకున్న పులుసులో జలజ వేసేసి ఉంటోంది, అది తెలియక బిందు మళ్లీ వేస్తోంది. ఆ పులుసు తిని వేణుగోపాల్ కిమ్మనకుండా మూడు గ్లాసుల మంచినీళ్లు తాగి, "విజ్ఞానశాస్త్రం కోసం ఎంతోమంది ప్రాణాలిచ్చారు" అని మాత్రం అన్నాడు.

జలజ చెయ్యి చూడముచ్చటగా ఉంది, ఆ మాట ఒప్పుకోవాలి. గాలి తగిలిన గాలిపటంలా పోతోంది. కొబ్బరి కోరితే మంచు రాలినట్టు రాలుతోంది. ఏడింటికల్లా రెండు పూటల వంటా ముగించేసి, ఏం చెయ్యాలో తోచక పక్కింటి వాళ్ల కాకరకాయలు కూడా తరిగిచ్చి వచ్చింది. పనిచేస్తూ ఈల వేసింది. జలజకి ఈల వచ్చునన్న సంగతి ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు.

బిందు చేతికి మాత్రం ఏమీ కాలేదు. ఎదురు చూసింది. తన సొంత చెయ్యి ఎప్పుడు తిరిగొస్తుందా, అది ఎలా ఉంటుందా అని, చుట్టం కోసం చూసినట్టు చూసింది. మణికట్టు మీద దువ్వెన కిక్కురుమనలేదు.

"నాకిచ్చింది చెడిపోయిందే" అంది తన్మయితో. "ఒక్కసారి కూడా నొక్కలేదు."

తన్మయి విప్పి తీసుకెళ్లింది. సాయంత్రం తిరిగొచ్చి తల్లి పక్కన మంచం మీద కూచుంది.

"చెడిపోలేదమ్మా. బాగానే ఉంది."

"మరి?"

తన్మయి ఫోను తీసి మూడు గీతలు చూపించింది. పైన ఒక చురుకైన గీత, ఎగిరిపడుతూ ఉంది. "ఇది ఇప్పటి పెద్దమ్మ చెయ్యి. అసలు చెయ్యి." కింద ఒక నెమ్మదైన గీత. ఏటి నీరులా వంపులు తిరుగుతూ పోతోంది. "ఇది నీది. ఇప్పటిది. ఇక ఈ మూడోది, మీరిద్దరూ ఒక్కరని మిషను గొడవ చేసిన రోజుది." ఆ మూడో గీతని వేలితో లాగి బిందు గీత మీద పెట్టింది. ఒకదాన్లో ఒకటి ఒదిగిపోయి రెండూ ఒకటే అయ్యాయి. వెంట్రుకవాసి తేడా లేదు.

"నీ చెయ్యి ఎప్పుడూ మారలేదమ్మా. నీకు మారడానికేమీ లేదు. మారింది పెద్దమ్మ."

బిందు ఆ గీతని చాలాసేపు చూసింది. ఆకుల అడ్డుకోతలు గీసేటప్పుడు పెన్సిల్ ఇలాగే పోయేది. మెల్లగా, తొందరపడకుండా. అంటే ఆ రోజు ఆ మిషను తనని జలజ అనలేదు. జలజే బిందు చేత్తో, బిందుకంటే ముందెళ్లి నమోదైపోయింది.

పెరటి గుమ్మంలో జలజ వంకాయలు ముందేసుకుని కూచుని ఉంది. బిందు వెళ్లి ఎదురుగా చతికిలబడింది.

"అక్కా, నాలా చెయ్యడం ఎప్పుడు నేర్చుకున్నావు?"

జలజ చెయ్యి ఆగింది. "ఎవరు చెప్పేరు?"

"నీ దువ్వెన."

"దాని నోట్లో దుమ్ము పొయ్య" అంది జలజ. తర్వాత ఓ వంకాయ తీసి అటూ ఇటూ తిప్పింది. "ఎప్పటిమాటో. నువ్వొచ్చిన కొత్తలో. అత్తయ్యగారు గుర్తున్నారు కదా?"

అత్తగారు వరహాలమ్మని మర్చిపోవడం ఎవరి తరమూ కాదు. చూపు తగ్గాక ఆవిడ హాల్లో వంటింటికి వీపు పెట్టుకుని కూచునేది. చెవులు మాత్రం వంటింట్లోనే ఉండేవి. కత్తిపీట చప్పుడు విని, రోలు చప్పుడు విని, లోపల పనిచేస్తున్నది పెద్దకోడలో చిన్నకోడలో ఇట్టే చెప్పేసేది. చెప్పి ఊరుకుంటే బాగుండును.

"'అదిగో, చిన్నదాని చెయ్యి. తెల్లారేలోగా ఒక వంకాయ తరిగితే గొప్ప' అనేవారు కదుటే. నువ్వు కళ్లనీళ్లు పెట్టుకుని వంకాయల్లో తుడుచుకునేదానివి. నేను పోనీ నువ్వు ఆగు, నే చేస్తా అంటే ఆ చెవులు పట్టేసేవి. 'పెద్దదానా, దాని పని నువ్వు చెయ్యకు' అని. ఏం చెయ్యను? ఆవిడ పోల్చుకోలేకుండా చెయ్యాలంటే ఇద్దరి చప్పుడూ ఒకటైపోవాలి. నువ్వు తొందరపడగలవా? పడలేవు. వేలు తెగుతుంది. నేను నెమ్మదించగలను కదా అనుకున్నాను."

"ఎన్నాళ్లు పట్టింది?"

"ఏణ్ణర్థం దాకా పట్టిందేమో. మొదట్లో చెయ్యి పరిగెత్తాలని ఏడ్చేది. ఓ పూట ఆవిడ హాల్లోంచి 'ఎవరే లోపల?' అని అడిగారు. ఎవరో తెలీలేదన్నమాట! ఆ రోజు పెరట్లోకెళ్లి ఒక్కదాన్నే నవ్వుకున్నాను." ఆ తలపుకి జలజ ఇప్పుడూ నవ్వింది. "ఆ తర్వాత ఆవిడ పోయారు. చెయ్యి అలా అలవాటైపోయింది. నేనూ మర్చిపోయాను."

బిందు వంకాయల్లోంచి ఒకటి తీసుకుని తరగడం మొదలెట్టింది. తన పద్ధతిలో.

"పిల్లకి చెప్పకు" అంది జలజ కాసేపటికి, గొంతు తగ్గించి.

"ఏం?"

"నీకు తెలీడం లేదా? వాళ్ల గోడ మీద ఏం రాసుంది? ఎవరి చెయ్యి వాళ్లదే, ఇంకోళ్లు చెయ్యలేరని కదూ. నేను చేసేనని తెలిస్తే ఇంకేవుంది? దాని మూడేళ్ల కష్టం వంకాయల పాలవుతుంది. ఇప్పుడు విడిపోయాం కదా, బోర్డు వాళ్లొచ్చి చూసుకుని పోతారు. దానికి మంచి పేరొస్తుంది. మనకెందుకు?"

నిజమే. బిందు కూడా అలాగే అనుకుంది. ఓ రెండు రోజులు అనుకుంది కూడా. కానీ ఆ మిషను ముందు నిలబడ్డ ఆ కాసేపు ఆమెని వదల్లేదు. ఇది నేనే అని నోటితో అంటోంది, ఎదురుగా కన్నకూతురు ఉంది, అయినా మిషను ఇంకో పేరు పిలుస్తోంది. తనకైతే పక్కన తన్మయి ఉంది. రేపు కార్డులూ సంతకాలూ అన్నీ తీసేశాక, ఎక్కడో ఒక ఇంట్లో ఏ మరిదో ఏ ఆడబిడ్డో ఒకావిడ చేతిని నేర్చుకున్నారనుకో. జలజలాగా ప్రేమకొద్దీ నేర్చుకోరు కదా అందరూ. అప్పుడావిడ వెళ్లి నేను నేనే అని చెప్పుకోడానికి ఏం మిగులుతుంది?

బోర్డు వచ్చే ముందురోజు, తన్మయికి తలకి నూనె రాస్తూ మొత్తం చెప్పేసింది. తన్మయి తల కదపకుండా విన్నది. చివర్న, "పెద్దమ్మ ఒక్కత్తే చేసిందా? ఏ పరికరం లేకుండా?" అంది.

"చెవులతో విని చేసింది."

తన్మయి లేచి తన గదిలోకి వెళ్లి తలుపేసుకుంది. భోజనానికి రాలేదు. నేను దాని నెత్తిన నూనె రాశానో నిప్పులు పోశానో అనుకుంటూ బిందు ఆ రాత్రి కూతురి కంచం మీద మూతపెట్టి పడుకుంది.

మర్నాడు బోర్డు తరఫున వచ్చినావిడ పేరు మేరీ సుగుణ. జుట్టంతా నెరిసింది, కళ్లజోడు ముక్కు చివర ఉంటుంది. ఏదైనా అడిగితే జవాబు పూర్తయ్యేదాకా ఓపిగ్గా వినే రకం. అలాంటివాళ్ల దగ్గరే ఎక్కువ భయం. అంతా సాఫీగా జరిగింది. జలజ తిప్పితే జలజగారూ అంది, బిందు తిప్పితే హిమబిందుగారూ అంది. చయనులుగారి ముఖం విచ్చుకుని గోడ మీది అక్షరాలంత అయింది.

"చాలా బాగుంది" అంది మేరీ సుగుణ. "ఒక్కటే అడుగుతాను. ఒకరి చేతిని ఇంకొకరు అనుకరించే అవకాశం ఏమాత్రమైనా ఉందా?"

"లేనే లేదండీ" అన్నాడు చయనులుగారు.

మేరీ సుగుణ తన్మయి వైపు చూసింది. బిందు కూడా చూసింది. ముందురాత్రినుంచీ పిల్ల తనతో ఒక్క మాట మాట్లాడలేదు. ఏం చెబుతుందో తనకీ తెలియదు.

తన్మయి గొంతు సవరించుకుంది. "ఉందండీ. ఒకరు చెయ్యగలరు."

"తన్మయీ!" అన్నాడు చయనులుగారు.

"పెద్దమ్మా, అమ్మలా ఒకసారి తిప్పవా?"

జలజ అందరి ముఖాలూ చూసింది. దువ్వెన విప్పి పక్కన పెట్టింది. వచ్చి పుల్ల పట్టుకుని తిప్పింది, మూకుడు ఎగిరి పడేలా.

"నమస్కారం, జలజగారూ."

"అబ్బే, నావల్లేం అవుతుందమ్మా! పిల్ల ఏదో ముచ్చటపడుతోంది" అంది జలజ, అమాయకత్వమంతా ముఖానికి పులుముకుని. మేరీ సుగుణ కళ్లజోడు పైకి తోసుకుంది. చయనులుగారు హమ్మయ్య అని కుర్చీకి ఆనుకున్నాడు. జలజ అబద్ధమాడటం బిందు చూడటం అదే మొదటిసారి కాదు. కానీ ఆ అబద్ధాలు ఎవరికోసమో ఇన్నేళ్లకి ఇప్పుడు తెలిసింది.

బిందు వెళ్లి ఆమె పక్కన నిలబడింది. ఆమె చెవి దగ్గర మెల్లగా అంది, "అక్కా, అత్తయ్యగారు హాల్లో కూచుని వింటున్నారు."

జలజ భుజాలు ఒక్క క్షణం బిగిశాయి. తర్వాత పుల్ల మీద వేళ్లు సడలాయి. చెయ్యి మెల్లగా తిరగడం మొదలెట్టింది. తొందరపడకుండా, వంపు వంపుకీ ఆగుతూ, ఆకు ఈనె గీస్తున్నంత శ్రద్ధగా. బిందు తన చేతిని తాను బయటినుంచి చూడటం అదే మొదలు. ఇంత అందంగా ఉంటుందా ఇది, అనుకుంది.

"నమస్కారం, హిమబిందుగారూ" అంది మిషను.

మేరీ సుగుణ జలజ దగ్గరికి వచ్చి ఆమె చేతిని తన చేతుల్లోకి తీసుకుని తిప్పి చూసింది. "ఎవరు నేర్పారమ్మా?"

"మా అత్తగారేనండీ" అంది జలజ. "ఆవిడకి తెలీదనుకోండి."

ఆమోదం రాలేదు. ఏకైక గుర్తుగా పనికిరాదని, మిగతా గుర్తుల్లో ఒకటిగా ఉండవచ్చని, ఏ మనిషికైనా చెయ్యి కాక చెప్పుకోడానికి ఇంకో దారి తప్పకుండా ఉండాలని మేరీ సుగుణ తేల్చేసింది. ఇద్దరు మనుషులు ఎంతకాలం కలిసి ఉంటే చేతులు కలిసిపోతాయో మొదటినుంచీ మళ్లీ చూడమంది. చయనులుగారు తన్మయిని పట్టుకుని, "సొంత చేత్తో కూల్చుకున్నావు" అన్నాడు. ఎంత కోపమొచ్చినా ఆయన పాపం 'సొంత చేత్తో' అన్న మాటకి తనే కాస్త తడబడ్డాడు. గోడ మీది అక్షరాలు ఆ వారమే చెరిపించేశారు.

తన్మయి రెండు రోజులు ఇంట్లో ముఖం ముడుచుకుని తిరిగింది. బిందు ఆ పక్కకి వెళ్లలేదు. మూడోరోజు తనే వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"అమ్మా, చెప్పకుండా ఉండాల్సింది నువ్వు."

"అవునే."

"చెప్పకుండా ఉంటే నిన్నెప్పటికీ క్షమించేదాన్ని కాదు."

"అదీ తెలుసు."

"ఏదో ఒకటి అనుకోవచ్చుగా. రెండూ ఎలా తెలుస్తాయి?" అని విసుక్కుని, పళ్లెంలోంచి ఒక గారె తీసుకుని నోట్లో కుక్కుకుని వెళ్లిపోయింది. వెళ్తూ వెళ్తూ, "పెద్దమ్మా, సోమవారం ల్యాబుకి నువ్వు రావాలి. నీ దగ్గర చాలా నేర్చుకోవాలి" అని కేకేసింది.

"కాఫీ రెండు సార్లు ఇస్తేనే" అంది జలజ.

దువ్వెనలు రెండూ తన్మయి పట్టుకుపోయింది. ఇక మళ్లీ మామూలే అనుకున్నారు అందరూ. ఆ మర్నాడు బిందు దోసకాయ తరుగుతోంది. పక్కన జలజ కొత్తిమీర తరుగుతోంది. జలజ చెయ్యి కాస్త కాస్తగా నెమ్మదించడం బిందు గమనించింది.

"అక్కా, ఆగు. అలా చెయ్యకు."

"ఎలా?"

"నాలా. నీ చేత్తో నువ్వు చేసుకో."

"నువ్వు వెనకబడతావే."

"పడతాను. ఎవరికేం పోయింది?"

జలజ ఆమె ముఖం వంక చూసింది. తర్వాత చేతిని దాని దారిన వదిలేసింది. కొత్తిమీర అయిపోయింది, పచ్చిమిర్చి అయిపోయింది, కొబ్బరి అయిపోయింది. బిందు దోసకాయ సగంలో ఉంది. ఇంకేం పని లేక జలజ పీట లాక్కుని ఎదురుగా కూచుంది. చేతులు ఒళ్లో పెట్టుకుంది. ఇన్నేళ్లూ ఇద్దరూ పక్కపక్కనే ఎవరి పళ్లెం వాళ్లు చూసుకుంటూ పనిచేశారు. ఒకళ్లు పనిచేస్తుంటే ఒకళ్లు ఖాళీగా కూచుని చూసింది ఎన్నడూ లేదు.

"ఏవిటలా చూస్తున్నావు?"

"ఏం లేదే. నువ్వు తరిగేటప్పుడు నాలిక బయటపెడతావు. నాకిన్నాళ్లూ తెలీదు."

"నేనేం పెట్టను."

"ఇప్పుడు కూడా పెట్టేవు. అదిగో."

బిందు నాలిక లోపలికి తీసుకుంది. రెండు ముక్కలు తరిగేసరికి మళ్లీ బయటికొచ్చింది. జలజ పీట మీద ఊగి ఊగి నవ్వింది.

"ఆ ముక్క మందంగా కోశావు" అంది.

"నీ నోటికి దువ్వెన పెట్టించాలి అక్కా" అంది బిందు, మరో దోసకాయ అందుకుంటూ. ఈసారి ఇంకాస్త నెమ్మదిగా తరగడం మొదలెట్టింది. జలజ పీట మరికాస్త దగ్గరికి జరుపుకుంది.